యజమాని లేని తాళాలు

మైక్రోసాఫ్ట్ వర్డ్ పని మధ్యలో హ్యాంగ్ అయి, దాన్ని బలవంతంగా మూయాల్సి వచ్చిందనుకుందాం. మళ్లీ అదే ఫైలు తెరవబోతే ఒక్కోసారి అది మామూలుగా తెరుచుకోదు. ఈ ఫైలును ఫలానా వ్యక్తి సవరిస్తున్నారు, కావాలంటే చదవడానికి మాత్రమే తెరవండి లేదా నకలు తీసుకోండి అని ఒక పెట్టె ఎదురొస్తుంది. ఆ ఫలానా పేరు చూస్తే చాలాసార్లు అది ఆ కంప్యూటరు ముందు కూర్చున్న మనిషిదే. పత్రానికి ఏమీ కాలేదు, రెండో మనిషి అసలు లేడు, అయినా హెచ్చరిక వచ్చింది. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో ఈ జాతి హెచ్చరికలు అనేకం. ఎప్పుడో ముగిసిపోయిన పని తాలూకు ఫైలో, విండోస్ సెట్టింగుల పట్టీ అయిన రిజిస్ట్రీలో ఒక నమోదో చెరగకుండా మిగిలిపోవడమే వీటన్నిటికీ మూలం. వీటిని చూసినవాళ్లలో కొందరు వైరస్ వచ్చిందని హడలిపోయి కంప్యూటరును రిపేరు షాపుకు మోసుకెళతారు. ఇంకొందరు ఒక్క అక్షరం చదవకుండా ఓకే నొక్కేస్తారు. చూడ్డానికి ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురైనా పుట్టింది ఒకే అపోహలోంచి. హాని ఉందో లేదో ఆ సందేశమే చెబుతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. సందేశం ఆ సంగతి చెప్పలేదు. వెనకున్న ఫైలు ఏ పని కోసం పుట్టింది, దాన్ని పుట్టించిన ప్రోగ్రాం ఇంకా నడుస్తోందా అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే హాని లేదని తేలుతుంది. ఈ అధ్యాయంలో నా వాదన అంతా ఇదే.

ముందు ఆ ఫైలును చూద్దాం. వర్డ్ ఒక పత్రాన్ని తెరిచిన వెంటనే అదే ఫోల్డరులో, మామూలుగా కంటికి కనబడకుండా, ఇంకో చిన్న ఫైలును సృష్టిస్తుంది. సాధారణంగా పత్రం పేరులోని మొదటి రెండు అక్షరాల చోట టిల్డా, డాలర్ గుర్తులు ~$ పెట్టి దానికి పేరు కడుతుంది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఓనర్ ఫైల్ అంటుంది, అందులో ఉండేది పత్రం తెరిచిన వ్యక్తి పేరు. లిబ్రెఆఫీస్ కూడా ఇలాంటిదే ఒకటి సృష్టిస్తుంది. ఒక చుక్క, టిల్డా, లాక్ అనే మాట, ఆ తర్వాత పత్రం పేరు, చివర హాష్ గుర్తు, ఇదీ దాని పేరు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే కామాలతో విడదీసిన ఒకే ఒక్క వరుస కనిపిస్తుంది. వాడుతున్నవారి పేరు, లాగిన్ పేరు, కంప్యూటరు పేరు, తేదీ, సమయం, లిబ్రెఆఫీస్ సెట్టింగులున్న ఫోల్డరు చిరునామా. అంతకుమించి అందులో ఏమీ లేదు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలు ఏ పని చేస్తుందో ఈ ఫైలూ అదే చేస్తుంది. తువ్వాలుకు ఎవరినీ అడ్డుకునే బలం లేదు, చూసినవాళ్లు గౌరవిస్తేనే ఆ సీటు ఆగుతుంది. వేసినతను మనసు మార్చుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయినా అది అక్కడే పడి ఉంటుంది. పత్రం మూసేటప్పుడు ఈ చిన్న ఫైలును చెరిపేయడం ప్రోగ్రాం చేసే చిట్టచివరి పనుల్లో ఒకటి. హఠాత్తుగా ఆగిపోయిన ప్రోగ్రాంకు ఆ చివరి పనులు చేసే అవకాశమే ఉండదు.

మరి రెండోసారి తెరిచే ప్రోగ్రాం ఆ తాళం ఎవరూ లేనిదని కనిపెట్టలేదా? సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దశాబ్దాలుగా పెనుగులాడుతున్న ప్రశ్న ఇది, వాళ్ల ప్రయత్నాల చరిత్రలోనే మన వాదనకు మొదటి సాక్ష్యం ఉంది. ఆపరేటింగ్ సిస్టం నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకూ ఒక ప్రాసెస్ నంబరు ఇస్తుంది. ఆ నంబరును తాళం ఫైల్లో రాసిపెడితే తర్వాత వచ్చినవాళ్లు ఆ నంబరు గల ప్రాసెస్ ఇంకా ఉందో లేదో అడిగి తెలుసుకోవచ్చు. యూనిక్స్ కుటుంబంలో ఇది పాత అలవాటు. లినక్స్ ఫైళ్ల అమరికకు సంబంధించిన ప్రమాణ పత్రం, తాళం ఫైల్లో ప్రాసెస్ నంబరును 10 బైట్ల వెడల్పులో రాయాలని కూడా నిర్దేశించింది. కానీ నంబర్లకు అంతుంది. లినక్స్‌లో చాలాకాలం పాటు మామూలు హద్దు 32,768. అది దాటాక లెక్క మళ్లీ కింది నుంచి మొదలై పాత నంబర్లు కొత్త ప్రోగ్రాంలకు దక్కుతాయి. చనిపోయిన ఎడిటర్ నంబరు ఇవాళ ఏ మ్యూజిక్ ప్లేయర్‌కో ఉండవచ్చు, నంబరు బతికే ఉందని చూసి తాళం చెల్లుతుందనుకుంటే పొరపాటే. అందుకే ఈమ్యాక్స్ ఎడిటర్ తన తాళంలో వాడుకరి పేరు, కంప్యూటరు పేరు, ప్రాసెస్ నంబరుతో పాటు కంప్యూటరు ఎప్పుడు బూట్ అయిందో ఆ సమయాన్ని కూడా చేరుస్తుంది. ఇప్పటి బూట్ సమయం వేరైతే ఆ తాళం వేసిన ప్రోగ్రాం బతికుండే ప్రసక్తే లేదు. ఎంత చిన్న వివరం, ఎంత గొప్ప ఆలోచన! లిబ్రెఆఫీస్ సెట్టింగుల ఫోల్డరు చిరునామా రాసుకునేదీ ఇలాంటి కారణంతోనే. లాగిన్ పేరు, కంప్యూటరు, ఆ చిరునామా మూడూ తనవే అయితే, ఇది తాను క్రాష్ అయినప్పుడు తానే వదిలేసిన తాళమని గుర్తించి మనల్ని విసిగించకుండా పత్రం తెరుస్తుంది. ఇన్ని జాగ్రత్తలూ ఒకే కంప్యూటరు హద్దుల్లోనే పనిచేస్తాయి. తాళం వేసింది నెట్‌వర్క్‌లో ఇంకో కంప్యూటరైతే, అక్కడ ఆ ప్రాసెస్ ఉందో లేదో ఇక్కడి ప్రోగ్రాంకు తెలిసే దారి లేదు. అవతలి యంత్రం మూగబోయిందా, కేవలం కేబుల్ ఊడిందా అన్నది బయటి నుంచి ఒకేలా కనిపిస్తుంది. అందుకని అది మనల్ని అడుగుతుంది. ఆ అడగడాన్ని సాఫ్ట్‌వేర్ లోపంగా లెక్కగట్టడం నాకు న్యాయంగా తోచదు. తనకు తెలియని విషయాన్ని తెలిసినట్టు నటించి ఇద్దరి రాతలను ఒకదానిమీద ఒకటి పడనిచ్చే ప్రోగ్రాం కంటే, ఆగి అడిగే ప్రోగ్రాం వెయ్యిరెట్లు నయం.

ఇక్కడ సాంకేతికం తెలిసిన పాఠకుడు ఒక అభ్యంతరం లేవనెత్తుతాడు. తాళాన్ని ఫైలుగా కాక ఆపరేటింగ్ సిస్టం కేంద్ర భాగమైన కెర్నెల్ చేతిలో పెడితే ఈ బాధే ఉండదు కదా, ప్రోగ్రాం ఎలా చచ్చినా కెర్నెల్ ఆ తాళాన్ని తానే విడిచేస్తుంది కదా అని. నిజమే, అలాంటి తాళాలు ఉన్నాయి, ఎన్నో ప్రోగ్రాంలు వాటిని వాడుతున్నాయి. అయితే వాటి ఉదాహరణే నా వాదనకు అన్నిటికంటే పదునైన రుజువు ఇస్తుంది. ఉబుంటు, డెబియన్ లినక్స్‌లలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయినప్పుడు, సాఫ్ట్‌వేర్ ఎక్కించే డీపీకేజీ ప్రోగ్రాం ఫోల్డరులోని లాక్ ఫైలు తాళం దొరకలేదు అనే సందేశం ఒక్కోసారి వస్తుంది. అప్పుడేం చేయాలని అడిగితే, ఆ లాక్ ఫైలును చెరిపేయండి అనే సలహా చేతికి తొందరగా దొరుకుతుంది. వర్డ్ ఓనర్ ఫైలును చెరిపితే సమస్య తీరింది కాబట్టి ఇక్కడా అంతేననిపిస్తుంది. కానీ ఈ తాళం కెర్నెల్ చేతిలో ఉంది. లాక్ ఫైలు డిస్కు మీద ఎప్పుడూ ఉంటుంది, అది ఉన్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. సందేశం వచ్చిందంటే ఆ క్షణాన దాన్ని పట్టుకున్న ప్రోగ్రాం ఒకటి నిజంగా బతికి ఉందన్నమాటే. చాలాసార్లు అది కంప్యూటరు ఆన్ చేసిన కాసేపటికి తెర వెనక భద్రతా అప్‌డేట్లు ఎక్కించే ప్రోగ్రాం. ఇప్పుడు ఆ ఫైలును చెరిపితే రెండో ప్రోగ్రాం కొత్త ఫైలు సృష్టించుకుని దానిమీద తాళం తీసుకుంటుంది. రెండు ప్రోగ్రాంలు ఒకేసారి ఒకే జాబితాలో రాస్తాయి, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కింది ఏది ఎక్కలేదు అనే లెక్కే చెడిపోవచ్చు. ఐదు నిమిషాలు ఓపిక పడితే తీరిపోయే విషయం అది. ఒకే రకం మాటలతో వచ్చిన రెండు సందేశాల్లో ఒకచోట చెరపడం మందు, ఇంకోచోట చెరపడమే రోగం. సందేశం చదివి హాని తేల్చగలమనే నమ్మకం ఇక్కడ నిలబడదు.

మిగిలిపోయిన ఫైలు అంటే చెత్త అనే అభిప్రాయానికీ ఇలాగే గండి పడుతుంది. విమ్ ఎడిటర్ తాను తెరిచిన ప్రతి ఫైలుకూ పక్కన ఒక స్వాప్ ఫైలు ఉంచుతుంది. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే తర్వాతిసారి ఇ325 అనే నంబరుతో పెద్ద హెచ్చరిక వస్తుంది. బెదిరిపోయేటంత పొడుగ్గా ఉన్నా, శ్రద్ధగా చదివితే ఇంత వివరంగా రాసిన హెచ్చరికలు అరుదు. స్వాప్ ఫైలు ఎవరిది, ఏ తేదీది, అందులో సేవ్ కాని మార్పులున్నాయా, ఏ కంప్యూటరు, ప్రాసెస్ నంబరెంత, ఆ ప్రాసెస్ ఇంకా నడుస్తోందా అన్నీ చెబుతుంది. సేవ్ కాని మార్పులున్నాయి అన్న వరుసకు అవును అని జవాబుంటే, ఆ మిగిలిపోయిన ఫైలు తాళమే కాకుండా పోయిందనుకున్న రాత కూడా. దాన్ని చెరిపేస్తే ఆ రాత పోతుంది, రికవర్ అన్న దారి పడితే దొరుకుతుంది. సీక్వలైట్ అనే డేటాబేస్ సంగతి ఇంకా తీవ్రం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు మొదలుకుని లెక్కలేనన్ని ప్రోగ్రాంలు తమ సమాచారాన్ని అందులోనే దాచుకుంటాయి. దాని సంప్రదాయ పద్ధతిలో, డేటాబేస్‌లో ఏదైనా మార్చేముందు పాత సమాచారాన్ని జర్నల్ అనే పక్క ఫైల్లోకి రాసుకుంటుంది. పని పూర్తయితే జర్నల్ చెరిగిపోతుంది. మధ్యలో ఆగిపోతే మిగిలిపోతుంది, తర్వాతిసారి తెరిచినప్పుడు సగం జరిగిన మార్పును వెనక్కి తిప్పడానికి అదే ఆధారం. పనికిరాని ఫైలని ఎవరైనా దాన్ని చెరిపితే డేటాబేస్ సగం మారిన స్థితిలోనే ఉండిపోతుంది. తమ డేటాబేస్‌ను ఏయే పనులు పాడు చేస్తాయో సీక్వలైట్ నిర్మాతలు ప్రచురించిన పత్రంలో జర్నల్‌ను తొలగించడం కూడా ఒకటి.

దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది, విండోస్ వాడేవాళ్లకు అదే ఎక్కువ పరిచయం. కంప్యూటరులో లాగిన్ కాగానే రన్‌డీఎల్ఎల్ అనే శీర్షికతో, ఫలానా ఫైలును మొదలుపెట్టడంలో సమస్య వచ్చింది, పేర్కొన్న మాడ్యూల్ కనబడలేదు అని ఒక పెట్టె వస్తుంది. ఇక్కడ పోయింది ఫైలు, మిగిలింది దాన్ని పిలవమనే ఆజ్ఞ. ఏదో ప్రోగ్రాంను అన్‌ఇన్‌స్టాల్ చేశారు, లేదా యాంటీవైరస్ ఒక హానికర ఫైలును తొలగించింది. అయితే లాగిన్ అయినప్పుడల్లా ఆ ఫైలును నడపమని రిజిస్ట్రీలోని రన్ విభాగంలోనో టాస్క్ షెడ్యూలర్‌లోనో రాసిన వరుస అలాగే ఉండిపోయింది. యాంటీవైరస్ తొలగించిన సందర్భంలో చాలామంది భయపడతారు గానీ, నిజానికి ఆ పెట్టె వైరస్ లేదన్న దానికే ఎక్కువ సాక్ష్యం. పిలుపు వెళ్లింది, పలికేవాడు లేడు. మైక్రోసాఫ్ట్ వారి సిస్ఇంటర్నల్స్ సంపుటిలో ఆటోరన్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కంప్యూటరు మొదలవగానే నడిచే ప్రతిదాన్నీ అది ఒకచోట చూపిస్తుంది, ఫైలు దొరకని వరుసలను పసుపు రంగులో గుర్తిస్తుంది. సందేశంలోని ఫైలు పేరు, ఆ పసుపు వరుసలోని పేరు ఒకటేనని సరిచూసుకుని, వరుసను వెంటనే తొలగించకుండా ముందున్న టిక్ తీసేస్తే చాలు. మర్నాడు ఏదైనా తేడా కనిపిస్తే టిక్ మళ్లీ పెట్టుకోవచ్చు. డెబియన్‌లో ఒక ప్యాకేజీ తీసేసినప్పుడు, ఈ ఫోల్డరు ఖాళీగా లేదు కాబట్టి తొలగించలేదు అని వచ్చే హెచ్చరిక మాత్రం ఇంకా నిరపాయం. అది మర్యాదతో మిగల్చడం. ఆ ఫోల్డరులో ఉన్నవి తాను పెట్టిన ఫైళ్లు కావు, ఎవరో చేర్చుకున్నవి, కాబట్టి ముట్టుకోలేదని చెబుతోంది. సాఫ్ట్‌వేర్ తీసేసినా సెట్టింగుల ఫైళ్లను డెబియన్ ఉంచేది కూడా మనిషి చేత్తో మార్చుకున్న వాటిని తొందరపడి నాశనం చేయకూడదనే.

సరే, హాని లేదని తేలిపోయాక ఇక వదిలేస్తే ఏం పోయింది? రోజూ ఒకసారి ఓకే నొక్కితే సరిపోయేదానికి ఇంత శోధన ఎందుకు? అన్నిటికంటే బలంగా వినిపించే అభ్యంతరం ఇదే, దీనికి జవాబు కంప్యూటర్లలో కంటే మన నరాల్లో ఎక్కువగా ఉంది. ఒకే ప్రేరణ మళ్లీ మళ్లీ వచ్చి దాని వెంట ఏ పర్యవసానమూ రాకపోతే నాడీవ్యవస్థ దానికి స్పందించడం తగ్గిస్తుంది. రిచర్డ్ థాంప్సన్, విలియం స్పెన్సర్ 1966లో ఈ అలవాటుపడటం లక్షణాలను క్రోడీకరించారు. ఎరిక్ కాండెల్ సముద్రపు కుందేలు అని పిలిచే అప్లీసియా అనే నత్తజాతి జీవిలో దీన్ని నరకణాల సంధి స్థాయికి తీసుకెళ్లి చూపించాడు, జ్ఞాపకం మీద చేసిన ఆ పరిశోధనల వరుసకు 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. నత్తలో కూడా ఉన్న గుణం అంటే, ఇది బద్ధకం వల్లో నిర్లక్ష్యం వల్లో వచ్చేది కాదని అర్థం. కంప్యూటరు హెచ్చరికల విషయంలో దీన్ని నేరుగా కొలిచారు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, భద్రతా హెచ్చరికలు చూస్తున్నవారి మెదడును ఎఫ్ఎంఆర్ఐతో గమనిస్తే, అదే హెచ్చరిక రెండోసారి కనబడేసరికే దృశ్యాన్ని పరిశీలించే భాగాల్లో చురుకు బాగా పడిపోయింది. రూపం మారుతూ వచ్చిన హెచ్చరికల విషయంలో ఆ తగ్గుదల తక్కువగా ఉంది. ప్రాణాలతో ముడిపడిన చోట్ల దీని ఫలితం మరింత కఠినం. 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం మొదలైనప్పుడు తొలి నిమిషాల్లోనే 100కు పైగా అలారాలు మోగాయి. ముఖ్యం కానివాటిని ఆపి ముఖ్యమైనవాటిని వినే ఏర్పాటు అక్కడి సిబ్బందికి లేదు. ఆ దేశపు ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఇచ్చిన హెచ్చరిక ప్రకారం, 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు తమ దృష్టికి వచ్చిన అలారం సంబంధిత ఘటనలు 98, వాటిలో 80 మరణంతో ముగిశాయి. రోజూ వేళ్లు అలవాటుగా ఓకే నొక్కే బల్ల మీదనే ఒకనాడు డిస్కు పాడవుతోందన్న నిజమైన హెచ్చరిక కూడా వస్తుంది. అది కూడా అలాంటి పెట్టెలోనే వస్తుంది.

మనుషులు ఎలాగూ హెచ్చరికలు చదవరు, కాబట్టి ఇదంతా వృథా అనేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. గణాంకాలు అంత నిరాశగా లేవు. దేవదత్త అఖావే, ఏడ్రియెన్ పోర్టర్ ఫెల్ట్ 2013లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో కనిపించిన 2.5 కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించారు. సైటు ధ్రువపత్రం సరిగ్గా లేదన్న హెచ్చరికను క్రోమ్ వాడేవాళ్లు దాదాపు 70 శాతం సార్లు దాటుకుని ముందుకు పోయారు. అదే రకం హెచ్చరికను ఫైర్‌ఫాక్స్‌లో దాటింది 33 శాతం సార్లే. హానికర సైట్లు, మోసపు సైట్ల గురించిన హెచ్చరికలను రెండింట్లోనూ పావు వంతు సార్లు కూడా దాటలేదు. అర్థవంతంగా, అరుదుగా వచ్చే హెచ్చరికను మనుషులు పట్టించుకుంటారని దీన్నిబట్టి తెలుస్తోంది. ఆ అరుదుతనాన్ని కాపాడుకోవాల్సిన అవసరం ఉంది కాబట్టే, అర్థం లేకుండా రోజూ వచ్చేదాన్ని మూలంలోనే తొలగించమంటున్నాను. మొత్తం హెచ్చరికలనే ఆపేసే సెట్టింగు జోలికి పోతే మిగిలిన ఫైలు అక్కడే ఉంటుంది, నోరు మాత్రమే మూసుకుంటుంది, అందులో రేపటి నిజమైన హెచ్చరిక నోరూ ఉంటుంది.

భయపడేవాళ్ల వైపు నష్టం కంటికి కనిపించేదే, అది డబ్బు రూపంలో ఉంటుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే చోట యంత్రం తన రోజువారీ చిన్నా పెద్దా ఇబ్బందులను రాసుకుంటుంది. పూర్తి ఆరోగ్యంగా ఉన్న కంప్యూటరులోనూ అక్కడ పసుపు, ఎరుపు గుర్తులు పదుల కొద్దీ ఉంటాయి. 10016 అనే నంబరుతో తరచూ కనబడే నమోదు గురించి, ఇది పనితీరును దెబ్బతీయదు, పట్టించుకోనక్కర్లేదు అని మైక్రోసాఫ్టే రాతపూర్వకంగా చెప్పింది. టెక్ సపోర్ట్ పేరుతో ఫోన్ చేసే మోసగాళ్లు బాధితుడి చేత తెరిపించేది సరిగ్గా ఆ చోటే, చూపించేది ఆ గుర్తులనే. మన దేశం నుంచి నడిచిన ఇలాంటి ముఠాల మీద అమెజాన్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఇచ్చిన సమాచారంతో 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరిట దాడులు చేసింది. ముసుగు లేని వ్యాపారాల్లోనూ ఇది జరిగింది. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాలు ఉచితంగా చేసిన పీసీ పరీక్షలో, కంప్యూటరు నెమ్మదించిందా, హెచ్చరికలు వస్తున్నాయా వంటి నాలుగు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి అవునన్నా, హానికర ప్రోగ్రాంల లక్షణాలు కనబడ్డాయని ఫలితం వచ్చేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2019లో ఆ సంస్థ, దానికి సాఫ్ట్‌వేర్ అందించిన సంస్థ కలిసి 3.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. రిజిస్ట్రీ క్లీనర్ల బేరమూ ఈ కోవలోదే. వందల కొద్దీ తప్పులు దొరికాయని చూపించి డబ్బు అడుగుతాయి, దొరికినవాటిలో ఎక్కువ భాగం ఎవరికీ అడ్డులేని పాత వరుసలు. ఇలాంటి క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ విధానంగానే ప్రకటించింది. ఒకే ఒక్క వరుస వల్ల హెచ్చరిక వస్తుంటే ఆ ఒక్క వరుసను వెతికి తీయాలి గానీ, తెలియని చేతికి మొత్తం రిజిస్ట్రీని అప్పగించడం ఏ లెక్కన చూసినా బేరం కాదు.

ఆచరణలో ఈ పరీక్షకు పట్టే సమయం తక్కువ. సందేశాన్ని పూర్తిగా చదివి అందులోని ఫైలు పేరు, మనిషి పేరు, సమయం ఒకచోట రాసుకోవాలి, లేదా ఫోటో తీసుకోవాలి. ఆ ఫైలు ఏ ప్రోగ్రాందో తెలిశాక, ఆ ప్రోగ్రాం ఇంకా నడుస్తోందేమో టాస్క్ మేనేజర్‌లో చూడాలి. కిటికీ మూసేసినా వర్డ్ తెర వెనక నడుస్తూ ఉండటం మామూలే, అప్పుడు ఆ తాళం యజమాని లేనిది కాదు, నిజమైనదే. సందేహం తీరకపోతే కంప్యూటరును రీస్టార్ట్ చేయడం బలమైన పరీక్ష, ఎందుకంటే పాత ప్రాసెస్ ఏదీ దాన్ని దాటి బతకదు. ఏ ప్రోగ్రాం తెరవకముందే ఆ తాళం ఫైలు ఇంకా కనబడుతుంటే, అది ఈ కంప్యూటరు వేసినదే అయితే, యజమాని లేనట్టే. అప్పుడైనా వెంటనే చెరపకుండా పేరు మార్చి పక్కన పెట్టడం మేలు. పేరు మార్చినా ప్రోగ్రాం దాన్ని గుర్తించదు కాబట్టి ఫలితం ఒకటే, పొరపాటైతే మాత్రం వెనక్కి తీసుకోవచ్చు. పేరులో జర్నల్, స్వాప్, రికవరీ వంటి మాటలున్న వాటి జోలికి మాత్రం ఆ ప్రోగ్రాంనే పోనివ్వాలి. ముందు పత్రానికీ దానికీ కలిపి నకలు తీసుకుని, ప్రోగ్రాం చూపే రికవరీ దారిలో వెళ్లాలి.

ఈ భారమంతా మామూలు వాడుకరి మీద ఎందుకు వేయాలని అడిగేవాళ్లతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. విండోస్ 98 రోజుల్లో కరెంటు పోయి వచ్చాక నీలిరంగు తెర మీద స్కాన్‌డిస్క్ నడుస్తూ, విండోస్‌ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు, ఈ సందేశం మళ్లీ రాకూడదంటే స్టార్ట్ మెనూ నుంచే ఆపండి అని చెప్పేది. కరెంటు కోతలు రోజువారీ సంగతైన మన ఊళ్లలో అది చేయని తప్పుకు నింద మోయడమే. డిస్కు మీద మిగిలిన ఒక గుర్తు, సరిగ్గా మూశారా లేదా అన్నది మాత్రమే చెప్పగలదు, తప్పు ఎవరిదో చెప్పలేదు. ఆ తేడా సందేశం రాసినవారు గమనించాల్సింది. విమ్ ఇటీవలి కూర్పులు, స్వాప్ ఫైలు ఈ కంప్యూటరుదే అయి, ప్రాసెస్ లేకపోయి, సేవ్ కాని మార్పులూ లేకపోతే మనల్ని అడగకుండా తామే దాన్ని తీసేస్తాయి. రన్‌డీఎల్ఎల్ పెట్టె కూడా తనను ఎక్కడి నుంచి పిలిచారో ఒక్క వరుస చెబితే ఎంతో శోధన తప్పుతుంది. ఇలాంటి మెరుగుదలలను కోరడం వాడుకరుల హక్కు. అయినా ఒక చోట మాత్రం యంత్రం మనిషిని అడగక తప్పదు, అది నలుగురు పంచుకునే ఫోల్డరు. ఆఫీసులో ఉమ్మడి డ్రైవ్‌లోనో, డ్రాప్‌బాక్స్ లాంటి సింక్ ఫోల్డరులోనో ఉన్న పత్రానికి ఇంకో కంప్యూటరు వేసిన తాళం కనబడితే, మన దగ్గర చేయగల పరీక్ష ఏదీ దాన్ని తేల్చలేదు. సింక్ సాఫ్ట్‌వేర్ తాళం ఫైలును కూడా మామూలు ఫైలు లాగే మోసుకొచ్చి ఉండవచ్చు, చెరిపిన సంగతి ఇంకా మోసుకురాకపోయి ఉండవచ్చు. కెర్నెల్ తాళాలు ఇంత నమ్మకంగా పనిచేస్తున్నా ఈ పాతకాలపు తాళం ఫైళ్లు ఇంకా నిలిచి ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అందులో పేరుంది, సమయముంది. పక్క గదిలో ఉన్న ఆ పేరుగల ఉద్యోగినికి ఫోన్ చేసి, మేడమ్, జీతాల షీటు మీ దగ్గర తెరిచి ఉందా అని అడిగితే అర నిమిషంలో తేలిపోతుంది. ఆమె లేదంటే, ఆమె కంప్యూటరులోనే ఆ ప్రోగ్రాంను పూర్తిగా మూసి ఆ తాళాన్ని ఆమె చేతే తీయించడం అన్నిటికంటే సరైన పద్ధతి.